నీళ్లు కలపని సరుకు

మొన్న మా వీధిలో ఐటీఐ చదివే ఒకమ్మాయిని ‘అన్‌హైడ్రస్’ అంటే ఏమిటమ్మా అని అడిగాను. “నీరు లేనిది తాతా” అని తడుముకోకుండా చెప్పింది. ఇంకా ఏమన్నా ఉందా అంటే, పుస్తకంలో అంతే ఉందంది. నిజమే, పుస్తకంలో అంతే ఉంది. ఆ పుస్తకం రాసినాయన మా పాల సెంటర్లో ఒక్క ఎండాకాలం పనిచేసి ఉంటే ఇంకో రెండు పేజీలు రాసేవాడు. ఆయన రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. గ్యాసుల దగ్గర, ఆసిడ్ల దగ్గర పనికి కుదిరే పిల్లలు చదువుకుంటే మంచిది, మిగతావాళ్లు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను ప్లాంటు ఆపరేటర్ని. గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దారిలో, ఊరికి దూరంగా, ఎండకు అడ్డం లేని చోట మా పాల శీతల కేంద్రం ఉండేది. అంత పెద్ద పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు, పాల సెంటరు అనేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏజెంట్లు క్యాన్లలో పాలు తెస్తారు. మేం పరీక్షించి, చల్లబరిచి, ట్యాంకరెక్కించి ఒంగోలు పంపుతాం. పరీక్షించడం టెస్టరు పని. చల్లబరచడం నా పని. మా ఇద్దరి మీదా అరవడం సూపర్వైజరు పని, ఆయన ఆ పని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

జిల్లా అప్పటికి కొత్తది. మా తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి, ముందు ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం అన్నారు. నేను కర్నూలు జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే ప్రకాశం జిల్లా వాడినయ్యాను. పాలు ఒంగోలు పోయేవి, జీతం ఒంగోలు నుంచి వచ్చేది, కష్టమొస్తే మాత్రం అందరి నోటా కర్నూలు మాటే వచ్చేది. అలవాటు అంత తొందరగా గెజిట్ చూసి మారదు కదా.

మా టెస్టరు సంగతి చెప్పకపోతే ఈ కథ లేదు. అప్పటికి యాభై దాటిన మనిషి. ఆయన చేతిలో లాక్టోమీటరు ఉండేది. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: అదొక గాజు గొట్టం. కింద బరువైన బుడ్డి, పైన సన్నని కాడ, కాడ మీద వెంట్రుకంత గీతలు. పాలలో వేస్తే తేలుతుంది. పాలలో నీళ్లు కలిస్తే మామూలు కన్నా కిందికి మునుగుతుంది. ఎంత మునిగిందో ఆ గీతలు చెబుతాయి. కానీ గీత చదవడం అంత సులువు కాదు. నిలబడి పైనుంచి చూస్తే తప్పు చదువుతారు. కన్ను పాల మట్టానికి దించాలి. మా టెస్టరు నడుం వంచి, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఆయన అట్లా వంగితే క్యూలో ఉన్న ఏజెంట్లంతా ఊపిరి బిగపట్టేవాళ్లు.

“నీళ్లుండాయి. తీసుకుపో” అని ఆయన నోటి వెంట వచ్చిందా, ఆ క్యాను వెనక్కి పోవాల్సిందే. ఎమ్మెల్యే చెప్పినా, మా సూపర్వైజరే బతిమాలినా అంతే. సొంత చెల్లెలి మొగుడి క్యాను తిప్పి పంపి, ఆ ఏడాది పండక్కి వాళ్లింట్లో చేయి కడగలేదు. ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు, నీళ్లు కలిపేవాళ్లు, ఇంకా దొరకనివాళ్లు.

ఆ రెండు రకాలకూ మధ్య ఊగేవాడు ఒకడున్నాడు. కొమరోలు వైపు ఊళ్లలో పాలు పోయించుకొని ఒంటెద్దు బండిలో తెచ్చే ఏజెంటు. ముప్పై అయిదేళ్లుంటాయి. నోరు తెరిస్తే నవ్వే. టెస్టర్ని మామా అని పిలిచేవాడు.

“మామా, చూడు ఈ పొద్దు పాలు. చెంబు బోర్లించినా కిందికి కారవు.”

“నేను నీకు పిల్లను ఇయ్యలేదు నాయనా. క్యాను దించు.”

ఈ ఏజెంటు పాలలో ఒక వింత ఉండేది. ఇంటి దగ్గరే నీళ్లు కలిపేవాడైతే రోజూ ఒకే తీరుగా ఉండాలి. ఇతని పాలు టెస్టరు సరదాగా ఉన్న రోజు కాస్త పలచగా, చిరాగ్గా ఉన్న రోజు చిక్కగా ఉండేవి. ఒక్కో రోజు అంచు మీద తేలేవి, దాటేవి కావు. ఈ పొద్దు టెస్టరు ఏ మూడ్‌లో ఉన్నాడో కొమరోలు నుంచి బయల్దేరేటప్పుడే ఇతనికి ఎట్లా తెలుస్తుందని సెంటరంతా తలబద్దలు కొట్టుకునేది. ఎప్పుడైనా మరీ మునిగినప్పుడు టెస్టరు క్యాను తిప్పి పంపేవాడు. అట్లా తిప్పి పంపడం ఎక్కువై, ఆ ఎండాకాలం మొదట్లో సూపర్వైజరు అతనికి చివరి మాటగా చెప్పేశాడు. ఇంకొక్కసారి నీళ్లతో దొరికితే ఏజెన్సీ రద్దు. అతనికి ఉన్నది ఆ బండి, ఆ ఎద్దు, ఆ ఏజెన్సీ. వాన మీద ఆధారపడిన కాస్త చేను ఉన్నా, వాన దాన్ని మరిచిపోయి చాలా కాలమైంది.

ఇక అసలు సరుకు సంగతికి వస్తాను. పాలు చల్లబడాలంటే మా యంత్రంలో అమ్మోనియా గ్యాసు తిరగాలి. అది తగ్గితే మళ్లీ నింపాలి. ఆ వేసవిలో తగ్గింది. ఒంగోలు నుంచి లారీలో ఒక పెద్ద ఇనుప సిలిండరు, దానితోపాటు ఒక కుర్ర ఇంజనీరు వచ్చారు. సిలిండరు మీద ఇంగ్లీషులో ‘అన్‌హైడ్రస్ అమ్మోనియా’ అని తెల్ల అక్షరాలతో రాసి ఉంది. నింపే ముందు సిబ్బందికి జాగ్రత్తలు చెప్పాలని రూలుందట. ఇంజనీరు మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టాడు. పాలు దించిన ఏజెంట్లు కూడా కాఫీ వస్తుందేమోనని వెనక నిలబడ్డారు.

ఇంజనీరు మంచివాడే, కాకపోతే పుస్తకం మింగినట్టు మాట్లాడేవాడు. “ఇది అనార్ద్ర అమ్మోనియా అండీ” అని మొదలుపెట్టాడు. అందరం మొహాలు చూసుకున్నాం. మాకు అర్థం కాలేదని గ్రహించి సూపర్వైజరు లేచి తర్జుమా చేశాడు.

“అంటే ఏంలేదప్పా, నీళ్లు కలపని సరుకు.”

పిల్లలూ, ఈ ఒక్క తర్జుమాతో కొంప మునిగింది. తప్పేముంది అంటారా? మాటగా చూస్తే తప్పేమీ లేదు. కానీ మేం పాల సెంటరు వాళ్లం. పొద్దున లేచింది మొదలు మా బతుకంతా నీళ్లు కలిపారా, కలపలేదా అన్నదాని మీదే నడుస్తుంది. మా దగ్గర నీళ్లు కలపనిది అంటే మంచిది. నిజాయతీ గలది. పసిబిడ్డకు పట్టినా ఏమీ కానిది. ఇంకో ఊళ్లో, ఇంకో ఆఫీసులో ఈ మాటకు ఆ అర్థం వచ్చేది కాదు. మా వరండాలో మాత్రం అది సన్మాన పత్రంలా వినిపించింది.

టెస్టరు మొహం చూడాల్సింది. “నా సర్వీసులో ఈ గేటు దాటి నీళ్లు లేకుండా వచ్చిన సరుకు ఇదే మొదలు” అన్నాడు. ఏజెంట్లు గొల్లున నవ్వారు. కొమరోలు ఏజెంటు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఇంజనీరుకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. “అదే కదండీ ప్రమాదం! నీళ్లు లేవు కాబట్టి నీళ్ల కోసం వెతుక్కుంటుంది. బయటికి వచ్చిందంటే ఎక్కడ తడి ఉంటే అక్కడికి పోతుంది. మీ కంట్లో తడి, ముక్కులో తడి, గొంతులో తడి, ఒంటి మీద చెమట…”

సరిగ్గా అప్పుడే కాఫీ వచ్చింది. దాహం సంగతి చెప్పేవాడిని వదిలేసి అందరూ దాహం తీర్చుకోవడానికి లేచారు. టెస్టరు మాత్రం గ్లాసు పట్టుకొని ఇంజనీరు దగ్గరికి పోయాడు.

“సార్, నీళ్లుండేదాంతో ప్రమాదం గానీ నీళ్లు లేనిదాంతో ఏం ప్రమాదం సార్? నేను పుట్టినకాడి నుంచి నీళ్లుండేదాంతోనే చస్తాండ.”

“మీరు వెన్న పరీక్షకు ఆసిడ్ వాడతారు కదా. దానిలో పాలు పోస్తే గొట్టం చేతిలో పట్టుకోలేనంత వేడెక్కదూ? అదీ నీళ్ల ఆత్రమేనండీ.”

“ఆసిడ్ అంటే ఆసిడ్ కద సార్, దాని జాతే వేరు” అని టెస్టరు కొట్టిపారేశాడు. 

నిజానికి ఆ జాతిని మేమంతా పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. ఇంటికి వెల్ల వేయడానికి తెచ్చిన పొడి సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. దగ్గరికి పోతే కళ్లు పోతాయని మా అమ్మ చీపురు తిరగేసేది. పొడిగా ఉన్న సున్నం ఎంత అమాయకంగా కనిపిస్తుందో! దాని ఆత్రం నీళ్లు తగిలినప్పుడే బయటపడుతుంది. మాకు సున్నం తెలుసు, ఆసిడ్ తెలుసు, నిర్జల ఏకాదశి ఉపవాసం ఉన్న మా సూపర్వైజరు సాయంత్రానికి ఎట్లా ఉంటాడో కూడా బాగా తెలుసు. ఇవన్నీ ఒకే తాడున కట్టి చూడాలని ఒక్కరికీ తోచలేదు. 

ఆ సాయంత్రం టెస్టరు సిలిండరుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. కల్తీ లేనిదానికి ఆ మాత్రం మర్యాద చేయాలి కదా అన్నాడు. 

మరునాడు పొద్దున గ్యాసు నింపే పని. పాలు దించేవాళ్లను ఆపి, అందర్నీ పంపించి మొదలుపెడదామని ఇంజనీరు అన్నాడు. సూపర్వైజరు ఒప్పుకోలేదు. ఎండ పెరిగితే పాలు విరుగుతాయి, పాలు విరిగితే ఒంగోలు నుంచి తిట్లు ఫోనులో వస్తాయి. సరే, బయట పాల పని బయట, లోపల గ్యాసు పని లోపల అని రాజీ కుదిరింది. ఉన్నదొక్కటే గ్యాసు ముసుగు. అది ఇంజనీరు తగిలించుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఏది కావాలంటే అది అందిస్తున్నాను. సిలిండరుకు పైపు బిగించి, వాల్వు తిప్పాడు. గ్యాసు సుయ్యిమంటూ పోతోంది.

అప్పుడు టెస్టరు వచ్చాడు. క్యూ మధ్యలో వదిలేసి, నన్ను పక్కకు నెట్టి మరీ వచ్చాడు. “ఒక్కసారి చూసిపోతానప్పా, మళ్లీ ఎప్పుడు చూస్తాం” అన్నాడు. పైపు బిగించిన చోట సన్నగా తెల్లని ఆవిరి దారంలా వస్తోంది. ఇంజనీరు ఆ సమయంలో అటువైపు గేజి చూస్తున్నాడు. నేను “సార్, వద్దు” అంటూనే ఉన్నాను. మా టెస్టరు తన జీవితమంతా చేసిన పనే చేశాడు. నడుం వంచాడు, కన్ను ఆ బిగింపు మట్టానికి దించాడు, రెండో కన్ను మూసుకున్నాడు.

లోపలి వాషరు అప్పుడే జారింది. బుస్సుమని తెల్లగా కొట్టింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూసిన కన్ను కూడా తెరిచేశాడు పాపం, బాధకు.

నేను ఆయన్ను చంకల కింద పట్టుకొని బయటికి ఈడ్చుకొచ్చాను. ఇంజనీరు ముసుగుతో లోపలే ఉండి వాల్వు కట్టేశాడు. నిప్పురవ్వ పుడితే గ్యాసు అంటుకోవచ్చని ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి బయటి గోడకున్న మెయిన్ స్విచ్ లాగేశాను. అప్పటికే లోపలున్న గ్యాసు వరండాలోకి వచ్చింది. ఏజెంట్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ గాలికి ఎదురుగా రోడ్డు వైపు పరుగెత్తారు. అంత గందరగోళంలోనూ ఒక్కడు కూడా తన క్యాను వదల్లేదు. ఆ పొద్దు ఏడవని మొహం ఆ సెంటర్లో లేదు. ఏజెంట్లు చస్తున్నా కన్నీరు పెట్టని సూపర్వైజరుకు కూడా చెంపల మీద ధారలు కట్టాయి.

నా ఒంటి సంగతి కూడా చెప్పాలి. చెమటతో తడిసిన చోటల్లా నిప్పు పెట్టినట్టు మండింది. చంకలు, మెడ, నడుము, ఇంకా చెప్పకూడని చోట్లు. ముందు రోజు కాఫీ కోసం లేచిపోయినప్పుడు వినకుండా వదిలేసిన పాఠాన్ని నా చర్మం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. నెల తిరిగేదాకా నేను చేతులు ఎడంగా పెట్టుకొని కొత్త పెళ్లికొడుకులా నడిచాను.

టెస్టరు కిందపడి కళ్లు రెండు చేతులతో మూసుకొని దొర్లుతున్నాడు. ఇంజనీరు బయటికి వచ్చి ముసుగు పీకేసి, “నీళ్లు! నీళ్లు తెండి! కళ్లలో పోస్తూనే ఉండాలి, ఆపకూడదు” అని అరిచాడు.

నీళ్లు ఎక్కడివి? వరండాలో తాగే కుండ ఉంది. అది ఒక్క గుక్కలా అయిపోయింది. బయటి తొట్టి క్యాన్లు కడగడంతో పొద్దున్నే ఖాళీ అయింది. బోరు మోటారు వేద్దామంటే కరెంటు పెట్టకూడదు. యంత్రం గదిలో చల్లటి నీళ్లు తొట్టి నిండా ఉన్నాయి, కానీ గ్యాసు ఉన్నదీ ఆ గదిలోనే. పక్క చేను బావిలో ఎండాకాలం రాళ్లు తప్ప ఏమీ ఉండవు. సూపర్వైజరు దిక్కులు చూస్తున్నాడు. ఊరికి పోయి తేవాలంటే ఈలోపు కళ్లు పోతాయి.

“పాలు పోద్దాం సార్, చలవ” అని ఒక ఏజెంటు క్యాను మూత తీశాడు.

“పాలొద్దు! నీళ్లు కావాలి, నీళ్లు!” అని ఇంజనీరు గొంతు చించుకున్నాడు. ఆ సెంటరు చరిత్రలో పాలు వద్దు, నీళ్లు కావాలని అడిగిన మనిషి ఆయనొక్కడే. 

కొమరోలు ఏజెంటు అప్పటిదాకా తన ఎద్దును పట్టుకొని నిలబడి ఉన్నాడు. సూపర్వైజరు వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నేను చూశాను. తర్వాత బండి దగ్గరికి పరుగెత్తి, గడ్డి మోపు ఎత్తి అవతల పారేశాడు. దాని కింద రెండు క్యాన్లున్నాయి.

“నా బండ్లో ఉండాయి! రెండు క్యాన్ల నీళ్లు!”

టెస్టరు మూడ్ కొమరోలులో ఎట్లా తెలుస్తుందన్న చిక్కుముడి మా కళ్లముందే విడిపోయింది. ఇతను అక్కడ కలపడమే లేదు. మా గేటు ముందే, క్యూలో నిలబడి, టెస్టరు మొహం చూసి, బండి వెనక కావలసినంత కలుపుకుంటున్నాడు. దొరికితే ఏజెన్సీ పోతుందని తెలిసిన మనిషి, సూపర్వైజరు ముందు, అందరి ముందు తన దొంగతనాన్ని భుజానెత్తుకొని పరుగెత్తుకొచ్చాడు.

వచ్చి టెస్టరు తలను తన ఒడిలో పెట్టుకున్నాడు. రెండు వేళ్లతో కనురెప్పలు విడదీసి, చెంబుతో పోయడం మొదలుపెట్టాడు.

“మామా, కండ్లు తెరువు మామా. మూసుకుంటే పోతాయి. నా మాట ఇను.”

“ఎవర్రా అది?”

“నేనే మామా.”

టెస్టరు అంత బాధలోనూ, పళ్లు బిగబట్టి, “నీళ్లు యాడియిరా నీకు?” అన్నాడు.

“అది తర్వాత అడుగుదువు లే. ముందు కండ్లు తెరువు.”

మొదటి క్యాను మా వాకిట్లో ఖాళీ అయింది. రెండో క్యానును పాల ట్యాంకరు లారీలో ఎక్కించుకొని, గిద్దలూరు ఆసుపత్రి దాకా దారంతా పోస్తూనే పోయాడు. నేనూ ఎక్కాను. ‘తెరువు మామా’ అనడం, ఆయన మూలగడం, అంతే. గిద్దలూరు డాక్టరు చూసి, చేయగలిగింది చేసి, కర్నూలు కంటి డాక్టరు దగ్గరికి పంపాడు. ఒంగోలు పోవాలి కదా అని ఎవరూ అనలేదు. జిల్లా మారింది గానీ కళ్లు మారలేదు.

వెంటనే నీళ్లు పోయకపోయి ఉంటే రెండు కళ్లూ పోయేవని కర్నూలు డాక్టరు చెప్పాడు. పోలేదు, ఉన్నాయి. కానీ చూపు ఎంత మిగులుతుందో కట్టు విప్పి, పుండు మానాకే తెలుస్తుందన్నాడు. ఇక్కడే మాకు దిగులు పట్టుకుంది. మామూలు మనిషికి దారి కనిపిస్తే చాలు. టెస్టరుకు వెంట్రుకంత గీత కనిపించాలి. అది కనిపించకపోతే ఆయన ఉద్యోగం లేదు. ఉద్యోగం మాట అటుంచండి, అది లేకపోతే ఆ మనిషే లేడు.

ఇటు సెంటర్లో పంచాయితీ మొదలైంది. సూపర్వైజరు ఏజెంటును పిలిచి, ఆ నీళ్లు ఎందుకని అడిగాడు.

“ఎద్దు తాగేదానికి సార్.”

“పాల క్యాన్లో ఎద్దు మూతి ఎట్ల పడతాదప్పా?”

“మా ఎద్దుది సన్నమూతి సార్.”

సూపర్వైజరు చాలాసేపు కోపంగా ఉండాలని ప్రయత్నించాడు. చివరికి, “టెస్టరు రానీ. నీళ్లు పట్టేది ఆయన, చెప్పాల్సిందీ ఆయనే. ఆయన ఎట్ల చెబితే అట్ల” అన్నాడు. అందాకా పాలు తెచ్చుకోమన్నాడు. టెస్టరు బదులు మార్కాపురం నుంచి ఒక కుర్రవాడు వచ్చి పనిచేశాడు. ఆ రోజుల్లో కొమరోలు ఏజెంటు పాలు చూడాలి, వేలు ముంచితే వేలు కనిపించేది కాదు. పాలు దించి, “మామ కండ్లు ఎట్ల ఉండాయి?” అని అడిగి పోయేవాడు. ఎట్లా ఉన్నాయో మాకూ తెలిసేది కాదు. అడగడానికి ఇంటికి పోతే టెస్టరు “బాగుండాయి లే” అనేవాడు, అనేటప్పుడు మా మొహం వైపు కాకుండా పక్కనున్న గోడ వైపు చూసేవాడు.

వానలు మొదలయ్యేసరికి ఆయన డ్యూటీకి వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకొని, కొడుకు సైకిలు మీద కూర్చొని వచ్చాడు. గేటు దగ్గర దిగి నడిచి వచ్చాడు, గడప మాత్రం కాలితో తడిమి దాటాడు. అది నేను చూశాను, సూపర్వైజరూ చూశాడు. 

క్యూ కట్టారు. టెస్టరు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొదటి క్యాను పాలు జాడీలో పోశాడు, లాక్టోమీటరు వేశాడు, నడుం వంచాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. “బాగుండాయి” అన్నాడు. రెండోది, “బాగుండాయి.” మూడోది కూడా. ఆయన వచ్చాడన్న గౌరవంతోనో, భయంతోనో ఆ పొద్దు అందరూ మంచి పాలే తెచ్చారు. అదే మా ప్రాణానికి వచ్చింది. ఆయన గీత చదివి చెబుతున్నాడో, చీకట్లో రాయి వేస్తున్నాడో తెలిసే దారి లేదు. సూపర్వైజరు నా చెవిలో, “కనపడ్తాండాదా?” అన్నాడు. నాకేం తెలుసు?

కొమరోలు ఏజెంటు వంతు వచ్చింది. మామా అని పలకరించలేదు. క్యాను దించి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ మనిషి నవ్వకుండా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు. అందరికీ తెలుసు, ఈ పొద్దు ఇతని ఏజెన్సీ తేలిపోతుందని. టెస్టరు పాలు పోశాడు. లాక్టోమీటరు వదిలాడు. గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూశాడు. తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూశాడు. మళ్లీ చూశాడు. నేను గోడ పట్టుకున్నాను.

ఆయన నిదానంగా లేచాడు.

“నీళ్లుండాయి” అన్నాడు. “ఎక్కువ లేవు. కానీ ఉండాయి. తీసుకుపో.”

కళ్లు కాపాడినవాడి క్యాను తిప్పి పంపుతున్నాడే అని ఒకాయన నోట్లో నోట్లో తిట్టాడు కూడా. ఏజెంటు మాత్రం ఎగిరి గంతేశాడు.

“ఒక్క చెంబు పోసినా మామా! నిండా క్యానుకు ఒక్కటంటే ఒక్క చెంబు! అది గూడా పట్టినావు! కనపడ్తాండాది మామా, నీకు గీత కనపడ్తాండాది!”

టెస్టరు అద్దాల కోసం బల్ల తడిమాడు. అవి దొరికినా పెట్టుకోలేదు, పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. సూపర్వైజరు ఆ క్షణంలోనే లోపల ఏదో పనుందని వెళ్లిపోయాడు, ఏజెన్సీ రద్దు మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు. ఏజెంటు వెనక్కి తిప్పిన క్యాను భుజాన వేసుకొని, బండి దాకా నవ్వుకుంటూ, దారిలో కనిపించిన ప్రతివాడితో “మా మామకు కండ్లొచ్చినాయి” అని చెప్పుకుంటూ పోయాడు. తన పాలు పనికిరావన్నందుకు అంత సంతోషంగా ఇంటికి పోయిన ఏజెంటును నా సర్వీసులో మళ్లీ చూడలేదు.